పడుగు దగ్గర పిరికోడు

నేను కాపురానికి వచ్చిన కాలంలో గద్వాలలో మా వీధి పొద్దున పూట నడవడానికి ఉండేది కాదు, పడుగు పరచడానికి ఉండేది. చీర నేసే ముందు నిలువు పోగులన్నీ వీధి పొడుగునా కర్రల మీద లాగి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టేవాళ్లు. అది ఆరేదాకా మనిషైనా గొడ్డైనా కొసదాకా పోయి చుట్టు తిరిగి రావలసిందే. మా తాత నాడే మగ్గం మాని సేద్యంలో పడ్డ ఇంట్లో, తిమ్మాజిపేటలో పుట్టిన నాకు ఇదంతా వింత. (అక్కడ మా వీధికి అడ్డం వచ్చేవి ఎద్దులే. వాటికి మేమే దారి ఇచ్చేవాళ్లం.)

ఆ కొత్తలో నాకు అత్తమ్మ గొంతంటే భయం. ఆ ఇంట్లో నాకంటే భయస్థుడు ఒక్కడే, మా ఆయన సంత నుంచి చంకలో పెట్టుకొచ్చిన కుక్కపిల్ల. మగ్గం చప్పుడుకు బెదిరేవాడు, కోడి రెక్క విదిలిస్తే బెదిరేవాడు. ఒకసారి తన తోకే గిన్నెకు తగిలి మోగితే ఇల్లు విడిచి పోయి సాయంత్రానికి వచ్చాడు. మా ఆయన వాడికి పిరికోడని పేరు పెట్టాడు. పిరికితనంతో మాకేం నష్టం లేదు, కానీ బెదిరిన కుక్క దారి చూసుకోదు కదా. ఒకనాడు సైకిల్ గంటకు బెదిరి నేరుగా పడుగులోంచి దూరి పోయాడు. తెగిన పోగులు అతికేసరికి మధ్యాహ్నమైంది.

"ఇంకొక్కసారి ఇది పడుగు ముట్టిందంటే కృష్ణ ఏరు అవతల ఇడిసిపెట్టి రా బిడ్డా. నీ పెండ్లాం ఏడిస్తే ఏడ్వనియ్" అంది అత్తమ్మ. నేను అప్పటికే ఏడుస్తున్నాను.

మర్నాటి నుంచి పెరట్లో రెండు మేకులకు పడుగులా పాత తాడు కట్టి, దానికవతల జొన్నరొట్టె ముక్క పెట్టి, పళ్లెం మీద గరిటెతో కొట్టి, "ఆగు" అనేదాన్ని. ఆగితే రొట్టె నేనే తెచ్చి ఇవ్వాలని నా లెక్క. మొదట్లో వాడు తాడు తెంపి రొట్టె తిన్నాడు.

"మంచిగనే నేర్పుతున్నవ్. గిట్లయితే మగ్గం తాళ్లు గూడ తెంపుతడు" అన్నాడు మా ఆయన.

కానీ వాడు నేర్చుకున్నాడు. పళ్లెం మోగితే కూర్చున్నాడు, సైకిల్ గంటకు చెవి మాత్రం కదిలించాడు. కొన్నాళ్లకు వాడిని చూసి కోళ్లే పక్కకు జరగసాగాయి. వీధిలో పడుగు వేస్తే దాని పక్కన కూర్చుని, దాటబోయిన వాళ్లను మొరిగి చుట్టు తిప్పేవాడు. ఒకసారి అత్తమ్మనే తిప్పాడు. "నా పడుగు కాడ నన్నే ఆపుతదా!" అంటూనే తిరిగి పోయిందామె.

అయినా కృష్ణ అవతల విడిచిపెట్టే మాట ఆమె వెనక్కి తీసుకోలేదు. ఒక పొద్దున పడుగు తడిగా ఉండగానే వీధి మలుపులో పెళ్లివాళ్లు పటాకులు పేల్చారు. పిరికోడు ఎగిరి లేచాడు. అందరి చేతుల్లో కుంచెలు నిలిచిపోయాయి. "ఆగు" అన్నాను, నా గొంతు నాకే వినపడలేదు. వాడు నన్ను చూశాడు, పడుగును చూశాడు, కూర్చున్నాడు. తోక ఒక్కటే వణికింది.

సరిగ్గా అప్పుడే పడుగుకు అవతలున్న మా ఇంట్లోంచి అత్తమ్మ కేక. "కోడలా! పొయ్యి మీద గంజి మాడుతుందే!"

నేను నేరుగా ఉరికాను. నేరుగా అంటే పడుగులోంచే. (నేను చెబుతుంటే రాస్తున్న మనవరాలు నవ్వుతోంది. ముందు రాయవే.)

నడుముకు పోగులు చుట్టుకుని నిలబడ్డాను. మా ఆయన కుంచె కింద పెట్టి, "అమ్మా, ఇప్పుడు కృష్ణ అవతల ఎవర్ని ఇడిసిపెట్టాలె?" అన్నాడు.

బయటికొచ్చిన అత్తమ్మ నన్ను చూసింది, కుక్కను చూసింది. "కుక్కను ఉండనియ్. అది ఆగింది" అంది. నా సంగతి చెప్పలేదు. పొద్దుగూకేదాకా పోగులు అతికాను. పిరికోడు పక్కనే కూర్చుని నన్ను కాపలా కాశాడు. గంజి మాడిందా అని ఎవరూ అడగలేదు. మాడింది.

ఆ తర్వాత వీధిలో పడుగు ఉన్నప్పుడు అత్తమ్మ నన్ను పిలవాలంటే ముందు "ఆగు" అనేది, తర్వాతే "కోడలా" అనేది. కుక్కా నేనూ ఇద్దరం ఆగేవాళ్లం.

అత్తమ్మ పోయింది, పిరికోడు పోయాడు, మొన్నమొన్ననే మా ఆయనా పోయాడు. మా వీధిలో ఇప్పుడు పడుగులు లేవు, ఆటోలు తిరుగుతాయి. ఇంటి ముందుకొస్తే నా కాలు ఇంకా ఆగుతుంది. ఎవరూ అనకపోయినా ఆగి, కొసదాకా పోయి, చుట్టు తిరిగే అవతలికి వెళ్తాను. వెనక ఆటోవాడు హారన్ కొడతాడు. కొట్టనీ, నేనిప్పుడు బెదరను.