నీళ్లు లేకే

మా వైపు ఒక మనిషిని మంచివాడని చెప్పాలంటే "అడక్కుండానే మడవ తిప్పే మనిషి" అంటారు. మడవంటే ఏం లేదు, గట్టుకు పెట్టిన గండి. మనం ఊళ్లో లేనప్పుడు మన మడి ఎండుతుంటే, ఆ దారిన పోయేవాడు ఇంత మట్టి తీసి కాలవ నీళ్లు అటు మళ్లిస్తాడు. చెప్పడు, చెప్పించుకోడు. ఆ మంచితనమే నా ద్రాక్ష తోటను ముంచింది.

అల్లూరు దగ్గర మాకొక ఇసక నేల ఉంది. సముద్రం వైపు కాస్త దిబ్బగా లేచి, కాలవ వైపు వాలి ఉంటుంది. పైన పోసిన నీళ్లు పైన నిలవవు కాబట్టి వరికి పనికిరాదు. చుట్టూ ఇప్పుడు రొయ్యల గుంటలే. మా ఆయన కూడా దాన్ని గుంటకు కౌలుకిస్తానన్నాడు. ఒకసారి ఉప్పు నీళ్లు తాగిన నేల మళ్లీ నేలవుతుందా అని నేను ఎగిరాను. ఉప్పూ ఉప్పూ అంటూ నేను, డిగ్రీలో చదివిన చెట్ల పాఠాలు ఇంట్లో చెప్పొద్దని ఆయన, అన్నం కంచాల దగ్గర చాలాకాలమే పోట్లాడుకున్నాం. చివరికి మా ఆయన అన్న, మా బావగారి ఎదుట ఒప్పందమైంది. నేను వైను ద్రాక్ష పెడతాను. మొదటి కాపు వైను కంపెనీ తీసుకుంటే తోట, లేకపోతే గుంట. ఇద్దరం మాటిచ్చుకున్నాం.

వైను అనేసరికి ఊరు నవ్వింది. "అక్కా, తోటకి కాపలా మేముంటాం, పీపాకి కాపలా నువ్వుండు" అని బస్టాపులో ఒకడు. నువ్వుండే చోట రెంటికీ కాపలా కావాలన్నాను.

నవ్వుల్ని భరించొచ్చు. నీళ్ల సంగతే ఎవరి బుర్రకీ ఎక్కించలేకపోయాను. తీగ పెరిగేటప్పుడు, పిందె పడేటప్పుడు బోరు నీళ్లు డ్రిప్పు పైపుల్లోంచి సరిపడా ఇచ్చాను. కాయ రంగు తిరగడం మొదలైన రోజునుంచీ తగ్గించాను. పూర్తిగా మాన్పిస్తే ఆకు రాలి కాయ వడిలిపోతుంది. అడిగినంతా ఇస్తే తీగ ఆకుల మీద పడి కాయను మర్చిపోతుంది, కాయ నీళ్లు తాగి లావెక్కుతుంది. సగం ఆకలితో ఉంచితేనే కాయ చిన్నదై, తోలు మందమై, రంగూ తీపీ లోపల చిక్కబడతాయి. వైనుకి కావలసింది ఆ చిక్కదనమే. మధ్యాహ్నం ఆకు వాలితే నేను బెదరను. తెల్లారేసరికి లేచి నిలబడిందా లేదా, అదీ నా లెక్క.

మా బావగారికి మాత్రం ప్రతి మధ్యాహ్నమూ ప్రాణం పోయేది. పుట్టి బుద్ధెరిగాక పాదం తడవకుండా పొలం దిగని మనిషి.

"ఏందమ్మా ఇది, చెట్లు నోళ్లు తెరుచుకోని ఉండాయి. బోరు చెడిపోయిందా?"

"బోరు బాగానే ఉంది బావగారూ. నేనే సగం కట్టేశాను."

"కట్టేసినావా! పసిబిడ్డకి పాలు కట్టేసినట్టా?"

"పసిబిడ్డలు కాదు. పెళ్లికెదిగినవి."

"పెళ్లికెదిగినా అన్నం పెడతారు గదమ్మా" అని గొణుక్కుంటూ పోయేవాడు.

కోత దగ్గరపడ్డాక నాకు దవడ పన్ను వాచింది. నెల్లూరు పోయి, వాపు తగ్గేదాకా మా చెల్లెలింట్లో రెండు రోజులుండి, పీకించుకుని దూదితోనే బస్సెక్కాను. తిరిగొచ్చేసరికి దిబ్బ మీది వరసలు తప్ప తోటంతా బురద. కాలవ వైపు గట్టుకు కొత్త మడవ. గుత్తులు బుగ్గలు పూరించుకుని ఉన్నాయి, కొన్ని కాయలైతే పగిలి చీమలు పట్టాయి. బావగారు పార భుజానేసుకుని నిలబడి, బహుమతి తెచ్చినవాడిలా నవ్వుతున్నాడు.

"చూసినావామ్మా, ఎట్టా తేరుకున్నాయో! నా వరికి మానుకోని మరీ విడిచినా."

నా నోట్లో దూది. ఊరంతా జడిసే నా నోరు, జన్మలో ఒక్కసారి నిజంగా అవసరపడిన రోజున, దూది కుక్కుకుని ఉంది. చేతులు ఊపాను. ఆయన దండం అనుకుని, "మనలో మనకేందమ్మా" అన్నాడు.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. తీపి కొలిచే చిన్న గొట్టం మీద రసం చుక్క పిండి, సూర్యుడి వైపు పెట్టి చూశాడు. "తినే ద్రాక్షకైతే బంగారమమ్మా, మాకు మాత్రం తీపి చాల్లేదు" అన్నాడు. దిబ్బ మీదివి మాత్రం పిండి, చూసి, మళ్లీ చూశాడు. ఇవి సరిగ్గా మాకు కావలసినవే అన్నాడు. కానీ ఆ నాలుగు గుత్తుల కోసం లారీ రాదు. రాలేదు కూడా.

మాటంటే మాటే. మర్నాడు గుంట కౌలుకడిగిన రొయ్యలాయన టేపు పట్టుకుని దిగాడు. ఒప్పందానికి సాక్షిగా బావగారూ వచ్చాడు. మా ఆయన నా ముఖం చూడకుండా ఒక కొస పట్టుకున్నాడు. నేను దిబ్బ మీదొక గుత్తి, పల్లంలోదొక గుత్తి కోసి తెచ్చి ముందు పెట్టాను. "కొలిచేముందు ఇవి తినండి. తర్వాత తవ్వుకోండి, ఇక నోరెత్తను."

నోరెత్తనన్నందుకే కాబోలు, ముగ్గురూ తిన్నారు. పల్లంలోది మా ఆయన గబగబా మింగేశాడు. దిబ్బది కొరికి నమలడం ఆపాడు.

ముందు బావగారే తేల్చాడు. "పైవే బాగుండాయి. పాపం, నీళ్లు లేకపోయినా ఎంత తియ్యగుండాయో!"

"లేకపోయినా కాదు బావగారూ" అని అరిచాను. "లేకే! నీళ్లు లేకే!"

ఆయన ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. బురద వైపు చూశాడు, తన పార వైపు చూశాడు. మా ఆయన ఇంకో కాయ నోట్లో వేసుకుని, గింజ ఊసి, టేపు కొస వదిలేశాడు. "చుట్టెయ్యన్నా" అన్నాడు రొయ్యలాయనతో. "ఇంకొక కాపు చూస్తాం."

గెలిచానని సంబరపడే ఓపిక నాకు లేదు. ఒక ఏడాది కాపు చీమల పాలైంది. ఆ సాయంత్రమే ఇటుకలు తెప్పించి, ఆ మడవను సిమెంటుతో మూయించేశాను.

మర్నాడు పొద్దున పోతే బావగారు గట్టు మీద బిందెతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి జంకాడు.

"కొత్త సిమెంటమ్మా, తడపకపోతే బీటలిస్తాది. దీనికన్నా పొయ్యనిస్తావా?"

"పొయ్యండి" అన్నాను.