సింగారి ఎవరి చేతికి చేపింది

సన్యాసమ్మ శ్రీకాకుళం పల్లెలో ఆవుల మధ్య పుట్టి పెరిగింది. పెళ్లయి హౌరా వచ్చాక కూడా ఆవు లేని ఇల్లు ఇల్లే కాదంది. షాలిమార్ గూడ్సు యార్డు వెనక రేకుల పాక వేయించి సింగారి అనే ఆవును కట్టేసుకుంది. భర్త గవరయ్య యార్డులో మూటలు దించేవాడు. ఆవు మాత్రం పూర్తిగా ఆమెదే. సింగారి ఆమె చేతికి తప్ప చేపేది కాదు. ఇంకెవరు పొదుగు ముట్టినా పాలు బిగబట్టేది. ఆ మాట బస్తీలో నలుగురూ అంటుంటే సన్యాసమ్మ వినీ విననట్టు ఊరుకునేది గానీ, సింహాచలం అప్పన్నస్వామి పటానికి దండం పెట్టేటప్పుడు ఆ గర్వాన్ని కూడా ఆయన పాదాల దగ్గరే పెట్టేది.

పోయిన ఏడు సింగారి నెలలు నిండకుండానే చచ్చిన దూడను వేసింది. మాయ పడలేదు. పుట్టింట్లో అమ్మ చేసినట్టే సన్యాసమ్మ ఉత్తచేతిని లోపలికి పెట్టి దాన్ని తీసింది. కొన్నాళ్లకు సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లారేసరికి చీర తడిసేంత చెమట మొదలయ్యాయి. నడుము, మోకాళ్లు, వేళ్ల కణుపులు పట్టేశాయి.

ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరమ్మ ఆమెను మాషీ అని, పిన్నీ అన్నట్టు పిలిచింది. నిలబడలేకపోతుంటే తన కుర్చీ ఇచ్చింది. రక్తం పరీక్ష చేయించి, ఇది పశువుల నుంచి వచ్చే జ్వరమని చెప్పింది. మాయలోంచి, ఉమ్మనీటిలోంచి, కాచని పాలలోంచి అంటుకుంటుందట. మందులు మధ్యలో ఆపకూడదు, ఆవు ఈనే వేళ ఉత్తచేతులు పెట్టకూడదు. సన్యాసమ్మ ఇంటికొచ్చి వాతం అని చెప్పింది. నిజం తెలిస్తే ఆవు పలుపు తోడికోడలి చేతికి పోతుందని భయం. కాస్త తేలికపడగానే మందులు మానేసింది. జ్వరం మళ్లీ వచ్చింది.

పలుపు ఎలాగూ పోయింది. వేళ్లు ముడుచుకోక చన్నులు పిండలేకపోతే, పక్క గదిలో ఉండే మరిది భార్య అప్పలలక్ష్మి చెంబు పట్టుకుని కూర్చుంది. మొదట్లో సింగారి తన్నింది. తర్వాత ఓ పొద్దున, చెంబులో పాలధార పడుతున్న చప్పుడు మంచం మీదున్న సన్యాసమ్మకు వినిపించింది. ఆమె దుప్పటి చెవుల మీదికి లాక్కుంది.

అప్పలలక్ష్మి చెడ్డదైనా బాగుండేది. తొలి టీ అక్కకే తెచ్చేది. మోకాళ్లకు వేడినీళ్ల గుడ్డ కట్టేది. కట్టినప్పుడల్లా ఆ వేళ్లు ఎంత సులువుగా ముడి వేస్తున్నాయో చూసి సన్యాసమ్మ మొహం గోడవైపు తిప్పుకునేది. పాలు పలచగా ఉన్నాయనీ పాక సరిగ్గా కడగలేదనీ భర్తకు చాడీలు చెప్పేది. ఆవు కోసం సవతి పోరేమిటని ఆయన నవ్వేవాడు. చివరికి ఆమె ఏమన్నా ఆ లెక్కలోకే పోయేది.

సింగారి మళ్లీ ఈనింది. దూడ బతికింది గానీ మాయ సగం జారి వేలాడుతోంది. అప్పలలక్ష్మి కొంగు దోపుకుని దాన్ని పట్టుకుంది. గడ్డి కోస్తుంటే కొడవలికి తెగిన ఆమె వేలు ఇంకా మానలేదు. సన్యాసమ్మ గుంజ పట్టుకుని లేచింది.

"ముట్టకే. ఒగ్గీ."

"ఏటక్కా, ఇప్పుడు కూడానా? నాకు సేపిందని ఇన్నాళ్లూ ఏడిసినావు. మాయ తీస్తే ఆవు నాదైపోద్దనా?"

గవరయ్య కూడా ఊరుకోమన్నాడు. తను వద్దన్నది తోడికోడలి కోసమో, ఆవు కోసమో సన్యాసమ్మకే తెలియలేదు. అయినా ఆగలేదు.

"కుళ్లే. కాదన్ను. కానీ నాది వాతం కాదే. ఆ మాయ ముట్టినందుకే నాకీ జొరం. డాక్టరమ్మ సెప్పింది. ఆవుని నువ్వు లాక్కుంతావని దాసినాను. పచ్చిపాలు తాగొద్దని కూడా నీకు సెప్పలేదు."

అప్పలలక్ష్మి చెయ్యి తీసేసింది. పితకగానే ఓ గుక్క నురగపాలు తాగడం ఆమెకు రోజూ అలవాటు. గవరయ్య పశువుల డాక్టరు కోసం సైకిలెక్కాడు.

సన్యాసమ్మ ఆమెను కుళాయి దగ్గర కూర్చోబెట్టి సబ్బుతో మోచేతుల దాకా కడగసాగింది. రేపు ఇద్దరమూ ఆసుపత్రికి పోదామంది. ఈసారి మందులు మానననీ అంది. అప్పలలక్ష్మి తలూపింది. ఆ వేళ్లు ఎటు వంచితే అటు వంగుతున్నాయి. సన్యాసమ్మ వాటినే చూస్తోంది.

"ఇంకా కుళ్లేనా అక్కా?"

"ఉంది. సెయ్యి తిప్పు, గోళ్ల కింద కడగాల."