పలకని ప్రోగ్రాం

చోడవరంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని నేను జావాస్క్రిప్ట్‌లో ఒక లాగింగ్ లైబ్రరీ, అంటే ఏ ప్రోగ్రాంలోనైనా పెట్టుకోగల పనిముట్టు, రాశాను. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ లోపల ఏం జరుగుతోందో మనకు తెలియాలి కదా, దానిచేత అది చెప్పించడమే లాగింగ్. మా ఆఫీసులో అప్పటిదాకా వాడుతున్నది కొండంత. నాది ఒక్కటే ఫైలు. ఏ మాట వినాలో, ఏది వదిలేయాలో, అది ఎలా కనపడాలో ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. పిట్ట కొంచెం, కూత ఘనం. రాసింది నేను కాబట్టి బాగుంటుందని నాకు ముందే తెలుసు.

విశాఖపట్నంలో ఉండే మా టీమ్ లీడర్‌కి అంత నమ్మకం కుదరలేదు.

"ఇంత చిన్నది మన పనికి ఆగుతుందా?" అన్నారు.

"ఆగకపోతే నా చేత్తో నేనే తీసేస్తాను," అన్నాను.

చెరకు రైతులకు నరికే వంతు ఎప్పుడొస్తుందో ఫోనుకు మెసేజీ పంపే ప్రోగ్రాంలో దాన్ని పెట్టాం. తేలిగ్గా ఉండాలని, తప్పు జరిగితే తప్ప నోరెత్తొద్దని కట్టడి చేసింది నేనే. రెండు రోజులు తెర మీద ఒక్క తప్పు లేదు. కాలు మీద కాలేసుకుని టీ తాగాను. మూడో రోజు పొద్దున్నే బుచ్చయ్యపేట నుంచి మా పెదనాన్న ఫోను.

"ఏటమ్మా, మా ఊళ్లో ఎవులికీ మెసేజీ రానేదు. సెరుకు ఎండిపోతంది."

చూస్తే, ప్రోగ్రాం రైతుల జాబితా కోసం ఎదురుచూస్తూ అక్కడే నిలబడిపోయి ఉంది. ఎదురుచూడటం తప్పు కాదు కనుక నా లైబ్రరీ నోరెత్తలేదు. మెసేజీలు వెంటనే పంపించాను గానీ, తల కొట్టేసినట్టయింది.

"మీరే అన్నారు కదా, సాయంత్రానికి తీసేయండి," అన్నారు లీడర్.

అలాగే కూర్చుండిపోయాను. వంటింట్లోంచి అమ్మ రెండుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు. స్టవ్ కట్టేసి వచ్చింది.

"ఏటే, పిలిస్తే పలకవు?"

"ఏమీ లేదమ్మా."

"ఏటీ నేకపోతే ఏటీ నేదని సెప్పాల కదే! బెల్లం వండినప్పుడు మీ నాన్న పైన పెనం కాడ, నాను కింద పొయ్యి కాడ. పాకం నాకు కనబడదు. బాగున్నా సరే 'బాగుంది, బాగుంది' అని అరస్తానే ఉండాల మీ నాన్న. ఆ మాట ఆగిందంటే, పొయ్యిలోకి సెరుకు పిప్పి ఎగెయ్యడం మానేసి లేసెల్లి సూసేదాన్ని."

నేను లేచి అమ్మను గట్టిగా పట్టుకున్నాను. "నన్నొదిలి పని సూసుకో," అంది.

మధ్యాహ్నానికల్లా రాసేశాను. ప్రోగ్రాం ఇప్పుడు కాసేపటికోసారి "బాగుంది" అనాలి. అనుకున్న వేళకు ఆ మాట రాకపోతే లైబ్రరీయే లేచి మాకు ఫోను చేస్తుంది. అందుకు కలిపింది కొద్ది వరుసలే.

సాయంత్రం సంగతి చెబితే, లీడర్ తానే ప్రోగ్రాంకి జాబితా అందకుండా చేసి చూశారు. రెండు నిమిషాల్లో ఆయన ఫోను మోగింది. ఆయన నాకు చేశారు.

"తీయొద్దు, ఉంచండి. కానీ తెర మీద ఈ 'ఏటే, పలకవు?' ఏమిటి?"

"మీకు కావలసినట్టు మార్చుకోవచ్చండీ," అన్నాను.

ఇప్పటిదాకా ఎవరూ మార్చలేదు.