పదమూడు ఆంపియర్లు

మధ్యాహ్నం రెండుంబావుకు సరిహద్దు సైనిక పోస్టులో టీ పోశారు. నేను అప్పుడే పైకి చేరాను. వీపు మీది బరువు దించకముందే వంటవాడు స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టి, "ముందిది తాగు, ఊపిరి తర్వాత తీసుకో" అని హిందీలో అన్నాడు. నవంబర్ నెల. ఎండ ఉంది, వేడి లేదు. మూడు వైపులా మంచు, నాలుగో వైపు లోయ. మూడు బంకర్లు: ఒకటి పడుకోవడానికి, ఒకటి రేడియోకు, ఒకటి జనరేటర్‌కు. జనరేటర్ నా బాధ్యత.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వాళ్లు ఇప్పటికీ అడుగుతారు, అక్కడ కాల్పులు జరిగేవా అని. నేనున్నన్నాళ్లూ ఒక్క తూటా పేలలేదు.

ఆ సాయంత్రం రేడియో ఆపరేటర్ నా పేరు విని తెలుగులోకి దిగాడు.

"ఏ ఊరు తమ్ముడూ?"

"నల్లగొండ దిక్కు అన్నా. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ల ఉంటున్నం."

"ఓర్నీ! మాది ఎల్బీ నగరే. మెట్రోలో మూడో స్టేషన్. మనం కలవడానికి ఇంత పైకి ఎక్కాలా?"

"ఎల్బీ నగర్ల ఉండి గీ మాటలేంది అన్నా?"

"మా నాన్నగారిది తెనాలి. పాతికేళ్లయినా మా అమ్మ ఇంకా మారలేదు. నేనేం మారతాను?"

అతనికి చలి పడదు. రేడియో బంకర్‌లో హీటర్‌కు మోకాళ్లు ఆనించి కూర్చునేవాడు. పోస్టు అధికారి సుబేదార్ సాబ్ అటు వెళ్లినప్పుడల్లా, "దీన్ని పెళ్లి చేసుకున్నావా?" అని అడిగేవారు. "ముహూర్తం కుదరలేదు సాబ్" అనేవాడు.

జనరేటర్ పలక మీద ఐదు కేవీఏ, అంటే ఐదు వేల వోల్ట్-ఆంపియర్లు, అని రాసి ఉంది. అది మైదానంలో మాట. అంత ఎత్తులో గాలి పలచన, ఇంజన్‌కు దమ్ము చాలదు. మూడు వేల వోల్ట్-ఆంపియర్లు దాటనివ్వొద్దని మా ఆర్డర్. లెక్క కష్టమైనదేమీ కాదు. వోల్టేజీని కరెంటుతో గుణించాలి. రెండు వందల ముప్పై వోల్టుల దగ్గర పదమూడు ఆంపియర్లు మా హద్దు. వస్తువు నిజంగా వాడుకునే వాట్లు వేరు. మోటార్లు, ఛార్జర్లు ఉన్నచోట వాట్లు తక్కువ ఉన్నా తీగలో కరెంటు ఎక్కువ పోతుంది. వాడుకున్నా వాడుకోకపోయినా ఆ భారం జనరేటరే మోయాలి.

రోజూ ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నేను ఫీల్డ్ ఫోన్‌లో రెండు అంకెలు చదివేవాడిని. అతను గుణించి తిరిగి చెప్పేవాడు. ఒకరు చదవాలి, ఇంకొకరు గుణించాలి. చలిలో బుర్ర మందగిస్తుంది కాబట్టి ఒక్క మనిషి లెక్కను అక్కడ నమ్మరు.

"రెండొందల ముప్పై. పన్నెండు."

"రెండు వేల ఏడొందల అరవై. టీ పెట్టుకోవచ్చు."

ప్రతిసారీ చివర ఆ మాట ఉండేది.

జనవరిలో తుఫాను పట్టింది. రెండో రోజు మధ్యాహ్నానికి వంటవాడికి ఆయాసం ఎక్కువైంది. పెదవులు నీలంగా మారాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. కిందికి దించాలంటే హెలికాప్టర్ రావాలి, అది రావాలంటే మబ్బు విడవాలి. అంతవరకు ఆక్సిజన్ మెషిన్ ఆగకూడదు. మబ్బు ఎప్పుడు విడిచినా కబురు అందుకోవాలి కాబట్టి రేడియో బ్యాటరీల ఛార్జర్ కూడా ఆగకూడదు.

వస్తువుల పలకల మీద రాసిన వాట్లు కూడి చూశాం. రెండు హీటర్లు, ఛార్జర్, దీపాలు, ఆక్సిజన్ మెషిన్, అన్నీ కలిపినా మూడు వేల లోపే. నాలుగు గంటలకు మెషిన్ వేశాం. ఇంజన్ గొంతు మారిపోయింది.

ఫోన్ తీశాను. "అన్నా, పదిహేను దాటింది. ఇంజన్ మూలుగుతుంది."

"వోల్టు?"

"రెండొందల ముప్పై నుంచి జారుతుంది."

"పదిహేనంటే మూడు వేల నాలుగొందల యాభై. కుదరదు. ఒక్క నిమిషం ఆగు."

ఆంపియర్ల సూది కిందికి దిగింది. వోల్టేజీ మళ్లీ నిలబడింది. సూది పదకొండు దగ్గర ఆగింది. పోయినవి నాలుగు ఆంపియర్ల పైచిలుకు. అంత లాగేవి పోస్టులో ఆ రెండు హీటర్లే. ఒకటి వంటవాడి మంచం పక్కన ఉంది, సుబేదార్ సాబ్ దగ్గరుండి చూస్తున్నారు.

"అన్నా, పదకొండుకు దిగింది. నీ హీటర్ బంద్ చేసినవా?"

"పదకొండా? రెండు వేల ఐదొందల ముప్పై. టీ పెట్టుకోవచ్చు."

"టీ పెట్టేటోడే పండుకున్నడు. నువ్వు జర గా పండుకునే బంకర్‌లకు పో."

"యాంటెనా తీగ అక్కడిదాకా రాదు. కబురొస్తే ఎవడు వింటాడు?"

"నేనొస్తా."

"జనరేటర్ ఆగితే వాడికి ఊపిరెవరిస్తారు? నీ చోట నువ్వుండు తమ్ముడూ."

సుబేదార్ సాబ్ రెండు స్లీపింగ్ బ్యాగులు, తన కోటు పంపారు. పంపగలిగింది అంతే. రేడియో తెలిసినవాడు అతనొక్కడే.

మర్నాడు ఉదయం ఆరింటికి చదివాను. "రెండొందల ముప్పై. పదకొండు."

ఫోన్ ఎత్తే ఉంది. అవతలి నుంచి దగ్గు వినిపించింది. గుణకారం రాలేదు.

మళ్లీ చదివాను. తర్వాత పరుగెత్తాను. అతను సెట్ ముందే కూర్చుని ఉన్నాడు, హెడ్‌ఫోన్ చెవులకే ఉంది. ఒంట్లో జ్వరం. హెలికాప్టర్ ఎనిమిదిన్నరకు వస్తుందన్న కబురు మాత్రం పలక మీద సుద్దతో రాసి ఉంచాడు.

ఇద్దరినీ ఒకే హెలికాప్టర్‌లో ఎక్కించాం. వంటవాడు బతికాడు. ఇతను ఆస్పత్రిలో పోయాడు.

ఏప్రిల్‌లో కిందికి దిగాను. ఎల్బీ నగర్‌లో వాళ్ల ఇల్లు వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. వాళ్లమ్మ గారు మంచినీళ్లిచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. చాలాసేపు వేరే సంగతులు మాట్లాడారు.

"వాడికి చిన్నప్పట్నుంచీ చలి పడదు బాబూ. డిసెంబర్ వస్తే స్వెట్టర్ ఒంటి మీంచి తీసేవాడు కాదు. అక్కడ హీటర్ ఉండేదా?"

"ఉండె అమ్మా."

"వాడి గదిలోనేనా?"

"అన్న గదిలనే."

ఆమె తల ఊపారు. అంతకుమించి అడగలేదు. అడిగితే చెప్పేవాడిని. ఆ రోజు హెలికాప్టర్ వెళ్లాక నేను రేడియో బంకర్‌లోకి వెళ్లాను. హీటర్ వైరును ఊడదీసి, శుభ్రంగా చుట్టి, తలుపు పక్కన ఎత్తుగా ఉన్న మేకుకు తగిలించి ఉంది. కూర్చున్నచోటి నుంచి చేయి అందదు. మతిలేనప్పుడు చలికి చేయి స్విచ్ మీదికి పోతుందని తెలిసి అలా పెట్టుకున్నాడు. ఆ వైరు చుట్ట నా కళ్ల ముందు నుంచి పోదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో జనరేటర్లు కిరాయికిచ్చే షాపులో పని చేస్తున్నాను. పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు పంపుతాం. బాలాపూర్ వైపు నుంచి వచ్చే కుర్రాళ్లు, "అన్నా, లైట్లు, డీజే కలిపి ఎన్ని వాట్లయితయే?" అంటారు. వాట్లు అడగొద్దని చెప్పి మీటర్ తీస్తాను. వోల్టు చూస్తాను, ఆంపియర్లు చూస్తాను, నా అంతట నేనే గుణించుకుంటాను.

అంకెలు పైకి చదవడం మానేశాను.