చీటీ రాకముందే ముట్టించిన బెల్లం పొయ్యి

"చీటీ వచ్చిందా?" అన్నాడు.

"రాలే. నువ్వైతే ముందుగాల గీ పాలు తాగు" అన్నాను.

బాన్సువాడ దవాఖానలో నా భర్తకూ నాకూ మధ్య అవే ఆఖరి మాటలు. పాలు తాగలేదు. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు ఇది రాస్తోంది.

చీటీ అంటే చెరుకు నరుక్కొమ్మని కార్ఖానా ఇచ్చే అనుమతి. మా చుట్టుపక్కల చెరుకంతా ఆ ఒక్క కార్ఖానాకే పోవాలి, అదీ వాళ్లు రమ్మన్నప్పుడే. సొంతంగా బెల్లం వండితే కేసు. ఈ పెత్తనం మీదే ఆయన బతుకంతా కొట్లాడాడు. పట్నంలో పెద్ద చదువు చదివొచ్చి, రైతు తన పంట ఇష్టమున్న చోట అమ్ముకోవాలని పత్రికలకు రాసేవాడు. బీర్కూర్ నుంచి రుద్రూర్ దాకా మీటింగులు పెట్టేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఉచిత కరెంటు కూడా వద్దు, ఊరికే ఇచ్చినవాడు రేపు మన నెత్తినెక్కుతాడు అన్ననాడు మాత్రం కుర్చీలు లేపారు. చిరిగిన చొక్కాతో ఇంటికొచ్చాడు.

"ఊరందరికీ స్వేచ్ఛ చెప్తవు, నేను వడ్డిస్తే గాని తినవు. గీ ఇంట్ల సర్కారు ఎవ్వలు?" అన్నాను.

"నువ్వే. గందుకే భయం" అన్నాడు.

మరునాటి నుంచి తన కంచం తానే కడుక్కున్నాడు. కొన్నాళ్లకు మరిచాడు, అది వేరే మాట.

ఆయన పోయాక కూడా చీటీ రాలేదు. చెరుకు పొలంలోనే ఎండుతోంది. నాకున్న ఆధారం అదొక్కటే. గానుగ, పాకం కాచే పెనం కిరాయికి తెప్పించాను. మా దగ్గర ఏటా మొదటి బెల్లం పొయ్యి ముత్తైదువే ముట్టించాలి. పక్కింట్లో ఉండే మరిది ఉరికొచ్చాడు.

"వదినా, నువ్వు ముట్టిస్తే పాకం గట్టిపడదు. పైంగ కేసు గూడ."

"పాకానికి నా బొట్టుతోని ఏం పని? సున్నం సరిగ పడితే గట్టిపడుతది."

"మా అన్నుంటే ఒప్పుకునేటోడా?"

"మీ అన్న కోసం చేస్తలేను. నా చెరుకు ఎండుతున్నది."

ముట్టించాను. పొగ చూసి కార్ఖానా మనిషి జీపులో వచ్చాడు.

"ఎవల్నడిగి వండుతున్నవవ్వా?"

"పొద్దున నువ్వు ఎవల్నడిగి తిన్నవు కొడకా?"

చెరుకు నరుకుతున్న తండా ఆడవాళ్లు పకపకా నవ్వారు. అతను ముఖం మాడ్చుకుని కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. వెయ్యలేదు. మర్నాడు పెనం ఎత్తుకుపోయారు. అప్పటికి ఒక్క వంట దిగింది, ఇటుకలా గట్టిపడింది. మిగతా చెరుకు ఎండిపోయింది. పెనం యజమాని తిట్టిన తిట్లు ఇక్కడ రాయించను. మరుసటి ఏడాది మళ్లీ నేనే ముట్టించాను.

ఇప్పుడు నా భర్త మీద ఆయన స్నేహితులు పుస్తకం వేస్తున్నారు. పొయ్యి సంగతి వద్దు, ఇంటి పరువు పోతుందంటాడు మరిది. ఆయన మీటింగులన్నీ ఉండనీ, నా పొయ్యి కూడా ఉండాలి. లేకపోతే ఆయన ఫోటో కూడా ఇవ్వను.

ఇగ చదువు బిడ్డా, మొదటికెళ్లి. జర పెద్దగ చదువు. పక్కింట్ల మీ మామ ఉన్నడు.