కరువెరుగని చెట్టు

పనిమనిషి ఫినాయిల్ గుడ్డతో తుడిచినప్పుడల్లా, తలుపుకు ఆనించిన జానెడు రాతిముక్క తడిసి, ఆదోనిలోని మా పెరడు వాసన గుర్తొస్తుంది: సవుడు మన్ను, నానిన బట్టలు, పక్క జిన్నింగు మిల్లు నుంచి ఎగిరొచ్చి అన్నిటికీ అంటుకునే పత్తి నూగు.

పత్తి వ్యాపారి అయిన మా తాత తిరువణ్ణామలై యాత్రకు పోయి, ఆ వైపు చేలల్లో పడివున్న రాతి దుంగల్లో ఒకదాన్ని రైల్లో వేయించుకొని తెచ్చారట. రెండు మూరల దుంగ. బెరడు, ముడులు, నార అన్నీ కొయ్యవే. తడితే మాత్రం రాయి. ఆయన పోయాక, యాభైల నాటికి, అది బట్టలుతికే బండ అయింది. ఉగాదికి ఓళిగల పప్పు ఉడుకుతుంటే నేను దాని చివర వలయాలను వేలితో లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడూ లెక్క తప్పేది.

ఒక ఉగాదికి మా ఇంటికి భోజనానికి వచ్చిన భూగర్భశాస్త్రం మాస్టరు ఎంగిలిచేత్తోనే దాని ముందు కూలబడ్డాడు. అది పూలు పూయని జాతి అనీ, దేవదారుకు చుట్టమనీ, మనిషి పుట్టకముందే రాయి అయిందనీ అన్నాడు.

"మరి గీతలు సరిగా తెలియవెందుకు?" అన్నాను.

"ఎండలకు చెట్టు పెరగడం ఆగితే గీత గట్టిగా పడతాదమ్మా. దీనికి ఏడాదంతా నీళ్లున్నట్టుండాది. ఆ కాలపు దక్షిణాది అడవి కరువు చూసినట్టు లేదు."

చైత్రానికే బావి అడుగంటే ఊరు మాది. పట్టలేని గర్వంతో పరుగెత్తి పెదనాన్నకూ చిన్నాన్నకూ చెప్పాను: ఇలాంటిది ఇంకెవరింట్లోనూ లేదని. అప్పటికే వాళ్లూ మా నాన్నా భాగాలు పంచుకుంటున్నారు. గంగాళాలు, ఊయల బల్ల, చివరికి దేవుడి గది తలుపు రెక్కలు కూడా విడదీశారు. బండను మాత్రం ఎవరూ అడగలేదు. నా మాటతో అదీ ఆస్తి అయింది.

దాన్ని మూడు ముక్కలు చేయమని పిలిపిస్తే, రాళ్లు కొట్టే ఖాసిం ఎత్తిన సమ్మెట దించేశాడు. "వద్దప్పా. దెబ్బ పడితే ఇది నిలవదు, పెంకులైతాది."

"నీకూ ఒక భాగం కావాల్నా ఏంది? కొట్టు!" చిన్నాన్న నవ్వాడు.

"సమంగా కొట్టు. వానికి బెత్తెడు ఎక్కువ పోతే నేనొప్పుకోను," అన్నాడు పెదనాన్న.

మూడో దెబ్బకు దుంగ చిట్లింది. నేను లెక్కపెట్టిన ముఖం నుజ్జయింది. ఎవరి ముందూ నడుము వంచని వంశమని చెప్పుకునే మా పెద్దలు, పట్టు పంచెలతో సవుడు బురదలో పాకుతూ పెంకులు ఏరి, తాత పత్తి తూచిన కాటాలోనే వేయించారు.

పెదనాన్న భాగం ఎవరిదో గోడ పునాదిలో పడింది, చిన్నాన్నది చెత్తలో. మిల్లు లేదు. పెరడున్న చోట లాడ్జి లేచింది, మెట్ల నిండా గుట్కా ఉమ్ములు. మిగిలింది మా నాన్న భాగంలోని ఈ ముక్కే. దీని మీద ఒక్క గీత కూడా లేదు.

"ఇదేందమ్మా, సూస్తే కట్టె మాదిరుండాది, ఎత్తితే ఇంత బరువు!" అని ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పనిమనిషి నిన్న అడిగింది.

ఆ చెట్టు మాట నోటిదాకా వచ్చింది.

"రాయి," అన్నాను. "తుడిచి ఆడనే పెట్టు."