కల్లు మందెట్లయితది?

మా అన్నకు రెండే పిచ్చులు. ఒకటి పుస్తకం, రెండోది చెట్టు కల్లు. ఒకదాన్ని వదిలి ఒకదాని గురించి చెప్పమంటే నావల్ల కాదు, ఎందుకంటే ఆయన చదివేదీ తాటిచెట్ల కిందే, తాగేదీ ఆ తాళ్ల కిందే. పక్కన కూర్చుని వినేవాణ్ని నేను. మెట్‌పల్లి పసుపు మార్కెట్లో ఆయన గుమస్తా. బస్టాండు దగ్గర నేను దర్జీని. నా పెళ్లయ్యాక కూడా వేరు పడలేదు, ఒక్క ఇల్లే.

పుస్తకాల పిచ్చి అరవై తొమ్మిదిలో పట్టింది. ఆ ఏడు తెలంగాణ గొడవల్లో బడులు మూతబడ్డాయి. ఈడు పిల్లలతో పాటు ఈయన కూడా రోడ్డెక్కి నినాదాలిచ్చాడు గానీ, వీపు మీద లాఠీ ఒక్కటి పడగానే పోయి గ్రంథాలయంలో దూరాడు. దూరినవాడు దూరినట్టే. బడులు తెరిచినా లేచి రాలేదు. "పరీక్షల్ల అడిగేది గా నాలుగు పుస్కాలే. ఈడ బీరువలకు బీరువలున్నయ్" అనేవాడు. పదో తరగతి అట్లా గంగలో కలిసింది. బాపు నెత్తి కొట్టుకుని, పోయి మార్కెట్లో పనికి కుదిర్చాడు.

అప్పటి నుంచి ప్రతి ఉగాదికీ పచ్చడి తాగి ఒక ఒట్టు పెట్టుకునేవాడు. గ్రంథాలయంలోని బీరువాలన్నీ పై అర నుంచి కింది అర దాకా వరుసగా, ఏదీ వదలకుండా చదివెయ్యాలని. వదలకుండా అంటే వదలకుండానే. కథల పుస్తకం పక్కన కోళ్ల పెంపకం ఉంటే అదీ చదవాల్సిందే. మా ఇంట్లో కోడి లేదు, కోడిపిల్ల లేదు. అయినా కోళ్లకు వచ్చే రోగాల గురించి నాకు వారం రోజులు పాఠం చెప్పాడు మహానుభావుడు. "జర మంచిది సదువన్నా" అంటే, "నడుమ దుంకితే అది ఒట్టెట్లయితదిరా?" అని కసిరేవాడు. ఏడాది తిరిగేసరికి ఒట్టు సగంలో ఉండేది. మళ్లీ ఉగాది, మళ్లీ అదే ఒట్టు. "ఏడాదికోసారి పచ్చడి రుసన్న మారుతది, ఈయన ఒట్టు మారది" అని మా వదినె బీడీలు చుట్టుకుంటూ నవ్వేది.

ఇక కల్లు సంగతి. పొద్దు వాలే వేళకు ఊరవతల తాళ్ల దగ్గరికి పోయేవాళ్లం. గౌడు చెట్టు దిగి లొట్టి వంచితే, తాటాకు దొప్పలో పోసిన కల్లు నురగ మీసాలకు అంటుకునేది. అన్న మొదటి గుక్క వెంటనే మింగడు. నోట్లోనే పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. "గిది వాగొడ్డు తాడుది. ఇసుక నీళ్ల తాడు, అందుకే గింత తేట" అంటాడు. నిజమో కాదో ఎవరికి తెలుసు, గౌడు మాత్రం మర్యాదకు తలూపేవాడు. చలికాలంలో కాయలు కాయని పోతుతాడు, ఎండల్లో కాయలు కాసే పండుతాడు. పొద్దటిది తీపి, మాపటిది పులుపు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసిన శనగ గుడాలు మధ్యలో పెట్టుకుని, అక్షరాలు కనబడినంత సేపు ఆయన చదివేవాడు. అంత సుఖం నేను మళ్లీ ఎరగను.

తర్వాత్తర్వాత ఊళ్లో మత్తు పొడి కలిపిన కల్లు దుకాణాలు పుట్టుకొచ్చాయి. అన్న వాటి గడప తొక్కలేదు. సారా ముట్టలేదు, బ్రాండీ ముట్టలేదు. "మందు తాగెటోళ్లు ఏరే. నేను చెట్టు పాలు తాగెటోన్ని" అని ఛాతీ విరుచుకునేవాడు. మా దిక్కు లెక్క కూడా అంతే. కల్లు కల్లే. పోచమ్మకు సాక పోసేది కల్లు, పురుడుకు కల్లు, దినానికి కల్లు. దాన్ని మందు అనాలని ఎవరికీ తోచదు.

ఎనభైలు సగం దాటాక ఆయనకు ఫిట్సు మొదలైంది. మొదటిసారి మార్కెట్లో పసుపు బస్తాల మధ్య పడిపోయాడు. కరీంనగర్ తీసుకుపోయి చూపించాం. డాక్టరు ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిన మనిషి, మంచివాడు. పొద్దున, మాపున వేసుకొమ్మని గోలీలు రాశాడు. ఫిట్సు ఆగింది. ఆగింది గానీ, ఆ గోలీలతో పొద్దంతా మత్తు. పుస్తకం తెరిస్తే అర పేజీకే కునుకు, రొమ్ము మీద పుస్తకం. "తమ్మీ, గీ గోలీలతోని నా సదువు ఆగమైతుంది" అన్నాడొకరోజు. ఫిట్సుకు అంత భయపడలేదు మనిషి. చదువు పోతుందంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అదే మాట అడుగుదామని ఒక్కడే కరీంనగర్ పోయాడు. సాయంత్రం బస్సు దిగి సరాసరి నా దుకాణానికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "తల బరువు, కండ్లు మూతవడ్తున్నయి సారూ అని చెప్పిన. దగ్గరికొచ్చి సూసిండు. మందు పూర్తిగ మానెయ్యాలె, గదే నీ తల బరువుకు కారణం అన్నడు. మందు బంద్ తమ్మీ! పూరా బంద్!"

మందు తాగని మనిషికి మందంటే గోలీలే కదా. ఇంకేముంటుంది? వదినె ఆ రాత్రే గోలీల పొట్లం మోరీలో పడేసింది. మర్నాడు సంతోషం కొద్దీ తాళ్ల కింద మామూలు కన్నా ఒక లొట్టి ఎక్కువే తాగాం. ఆ నాలుగు రోజులూ అన్న ఎంత బాగా చదివాడని! గొంతు ఖంగుమంటోంది, ఎక్కడా తడబాటు లేదు. "సూసినవా, నా తల నాకొచ్చింది" అన్నాడు.

ఆ వారం దాటకముందే, పొద్దున్నే నోట్లో వేపపుల్లతో పడిపోయాడు. ఈసారి ఫిట్సు ఆగలేదు. ఒకటి అయిపోతుండగానే ఇంకొకటి. జీపు మాట్లాడుకుని కరీంనగర్ చేరేసరికి మనిషి మనిషిలో లేడు.

"మాత్రలు వేస్తున్నారా?" అన్నాడు డాక్టరు.

"మీరు బంద్ చేయమన్నరు గద సారూ" అన్నాను.

"నేనా? మందు మానెయ్యమన్నానయ్యా! తాగుడు! మనిషి దగ్గర అంత వాసన కొడుతుంటే!"

"మా అన్న మందు తాగడు సారూ. గది కల్లు వాసన."

"కల్లు మందు కాదా?"

"కల్లు మందెట్లయితది?" అంది వదినె. ఏడుస్తూ కాదు, నిజంగా తెలియకే అడిగింది. డాక్టరు కుర్చీలో కూలబడి కళ్లద్దాలు తీశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరినో ఒకరిని పట్టుకుని తిట్టాలి. ఎవరిని తిట్టను? ఆయన ఊళ్లో కల్లు కూడా మందే, మా ఊళ్లో కల్లు కల్లే. ఆయన ఆయన తెలుగులో చెప్పాడు, మా అన్న మా తెలుగులో విన్నాడు. దేవుణ్ని తిడదామన్నా ఆయనది ఏ దిక్కు తెలుగో!

అన్న బతికాడు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. అన్నం తింటాడు, మమ్మల్ని గుర్తుపడతాడు. చదువే పోయింది. క అంటే తెలుసు, ల అంటే తెలుసు. రెండూ కలిపి కల అనేలోపు మొదటిది జారిపోతుంది. డాక్టరు ఇంకా రెండు మూడేళ్లు చూశాడు, గోలీలు మార్చాడు. చివరికి "ఇంతే" అన్నాడు. అన్న కల్లు కూడా మానేశాడు. ఎవరూ మానమనలేదు, అది ఒకప్పుడు ఇష్టమన్న సంగతే ఆయనకు మతికి లేదు.

నేనే చదివి వినిపించడం మొదలుపెట్టాను. దర్జీ చదువు, కుంటి నడక. అయినా దుకాణం కట్టేసి వచ్చి రోజూ చదివేవాణ్ని. నిన్నటిది ఇవాళ్టికి ఉండదు ఆయనకు. అందుకని ఏది చదివినా మొదటి నుంచే.

ఒకరోజు గ్రంథాలయం నుంచి ఒక లావు పుస్తకం తెచ్చాను. ఒకప్పుడు చలికాలమంతా ఆయన నాకు చదివి వినిపించిన పుస్తకం అది. ఎక్కడ ఆగి నాకు అర్థం చెప్పాడో, ఎక్కడ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడో నాకు అక్షరం అక్షరం గుర్తే. ఆ చోట్ల నేనూ ఆగుతున్నాను. ఆయన మాత్రం బుద్ధిగా వింటున్నాడు, మొహంలో ఏమీ లేదు. కొంతసేపటికి నా మోకాలి మీద చెయ్యేశాడు.

"తమ్మీ, గిది నేనెన్నడన్న సదివిన్నా?"

అవునంటే పోగొట్టుకున్నది తెలుస్తుంది. బాధపడతాడని, "లేదన్నా, సదవలే" అన్నాను.

అన్న పుస్తకం వైపు చూశాడు. "మరి ఇన్నేండ్లు నేనేం జేసిన తమ్మీ?" అన్నాడు.